సయామీ పిల్లి మా ఇంటికి నప్పుతుందా?

మనవాళ్ళ ఇళ్ళల్లో కుక్కల వ్యవహారం ఎప్పుడో తేలిపోయింది. పిల్లలు మారాం చెయ్యడం, తల్లి ససేమిరా అనడం, చివరికి కుక్క రానే రావడం, జనవరి మంచులో తెల్లవారుజామున దాన్ని తిప్పుకొచ్చే పని తండ్రి మెడకు చుట్టుకోవడం – ఇదంతా అందరికీ తెలిసిన కథే. ఇప్పుడు పిల్లుల వంతు వచ్చినట్టుంది. మొన్న ఉగాది విందులో పులిహోర గిన్నె దగ్గర నిలబడ్డ పావుగంటలో ముగ్గురు నన్ను ఒకటే ప్రశ్న అడిగారు: "మీరు సయామీ పిల్లిని చూసొచ్చారటగా? తెచ్చుకోవచ్చంటారా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతూ కూర్చుంటే పులిహోర అయిపోతుంది. సంపాదకులు కూడా ఏదో ఒకటి రాసిమ్మని చాన్నాళ్ళుగా అడుగుతున్నారు. రెండు పనులూ ఒకేసారి అవుతాయని ఇది రాస్తున్నాను.

పిల్లుల గురించి నాకు పాండిత్యమేమీ లేదు. ఆసుపత్రి లాబరేటరీలో రక్తపరీక్షలు చేసేదాన్ని. ఎవరేం చెప్పినా ఇంకోచోట సరిచూసుకోవడం మాత్రం నా ఉద్యోగం నేర్పిన అలవాటు. అమ్మాయి పిల్లి కావాలన్నప్పుడు కూడా అదే పని చేశాను.

అమ్మాయికి పదమూడేళ్ళు. దానికి ఏదో ఒక పిల్లి అక్కర్లేదు, సయామీ పిల్లే కావాలి. లైబ్రరీ పుస్తకంలో బొమ్మ చూసింది – మీగడ రంగు ఒళ్ళు, నల్లటి మొహం, నీలం కళ్ళు. అంతే, వారం తిరిగేసరికి కాగితం మీద పదకొండు కారణాలు రాసి రిఫ్రిజిరేటరు తలుపుకి అంటించింది. మావారు కళ్ళజోడు పెట్టుకుని ఆసాంతం చదివి, "అర్జీ బాగానే ఉంది, బడ్జెటు కాగితం ఏదీ?" అన్నారు.

ఆ పదకొండింటిలో ఒకటి, సయామీ పిల్లి మన ఒహాయోకి చుట్టమట! నవ్వాను గాని, చూస్తే నిజమే. ప్రెసిడెంటు హేస్ ఒహాయో వాడు. ఆయన భార్య లూసీ హేస్‌కి 1878లో బాంకాకులో ఉన్న అమెరికా కాన్సలు డేవిడ్ సికెల్స్ ఒక సయామీ పిల్లిని ఓడ మీద పంపించాడు. హాంగ్‌కాంగ్ మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో, అక్కణ్ణించి వాషింగ్టను. అమెరికాకి ఈ జాతి పిల్లిని పంపడం ఇదే మొదటిసారి అనుకుంటానని ఆయన ఉత్తరంలో రాశాడు. ఇంతవరకూ అమ్మాయి కాగితంలో ఉంది. దాని తరవాతి సంగతి కాగితంలో లేదు: వైట్‌హౌసులో అందరూ ముద్దుచేసిన ఆ పిల్లి 1879లోనే జబ్బుచేసి చనిపోయింది. పుట్టిన ఊరు వదిలి ఓడెక్కి ఇంత దూరం వచ్చిన ప్రాణం కదా అని నాకు కొంచెం మనసు చివుక్కుమంది. మనకి ఇలాంటివి ఇట్టే తగులుతాయి.

దాని రంగు గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను, నా పనికి దగ్గర సంగతి కాబట్టి. ఈ పిల్లలు పుట్టినప్పుడు దాదాపు తెల్లగా ఉంటాయి. ఒంటికి రంగు తయారుచేసే టైరోసినేజు అనే ఎంజైము వీటిలో కాస్త మారిపోయి ఉంటుంది. ఒంటి వేడికి అది పనిచెయ్యదు, చల్లగా ఉండేచోట పనిచేస్తుంది. ముక్కు, చెవులు, పాదాలు, తోక చల్లగా ఉంటాయి గనక అవి నల్లబడతాయి, తక్కిన ఒళ్ళు మీగడ రంగులోనే ఉండిపోతుంది. ఏ జన్యువులో ఏ మార్పు వల్ల ఇలా అవుతుందో 2005లో తేల్చారు. చలి ఊళ్ళో పెరిగితే రంగు ఇంకా ముదురుతుంది. మా అత్తగారు బొమ్మ చూసి, "మసిగుడ్డతో మొహం తుడుచుకున్నట్టుందే!" అని ఒక్కమాటలో తేల్చేశారు.

అందచందాల సంగతి అంతటితో సరి. అసలు సంగతి దాని గొంతు.

మామూలు పిల్లి ఆకలేస్తే అరుస్తుంది, తలుపు తియ్యమని అరుస్తుంది, లేకపోతే దాని మానాన అది పడుంటుంది. సయామీ అలాకాదు. అది మాట్లాడుతుంది. మనం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళితే వెంటపడి వస్తుంది, ఏదో చెబుతుంది, మనం ఊఁ అంటే మళ్ళీ చెబుతుంది. గొంతు కూడా సన్నగా ఉండదు, చంటిపిల్ల గుక్కపెట్టినట్టుంటుంది. పక్కన మనిషి లేకపోతే బెంగపెట్టుకుంటుంది. బెంగలో ఊలు దుప్పట్లు, స్వెట్టర్లు నోట్లో పెట్టుకుని చప్పరించడం, నమిలి మింగడం ఈ జాతికి ఉన్న అలవాటు. మింగిన ఊలు పేగుల్లో అడ్డుపడితే ఆపరేషను దాకా వెళుతుంది. మనిళ్ళల్లో శాలువలూ పట్టుచీరలూ ఎక్కడెక్కడ ఉంటాయో ఒక్కసారి తలుచుకోండి.

అందుచేత, సయామీ పిల్లి మంచిదా కాదా అని అడగడంలో అర్థం లేదు. అది చాలా మంచి పిల్లి. మన ఇల్లు ఎన్ని గంటలు ఖాళీగా ఉంటుందన్నదే లెక్క. మా ఇంట్లో నేను ఆరున్నరకి బయల్దేరతాను, మావారు ఏడున్నరకి, అమ్మాయి ఎనిమిదికి. పియానో, స్విమ్మింగు లేని రోజున అమ్మాయి నాలుగింటికి వస్తుంది, ఉన్న రోజున ఆరు. ఈ లెక్క చెప్పి, "చూశావా?" అన్నాను.

అమ్మాయి క్షణం కూడా ఆలోచించలేదు. "బామ్మ ఉందిగా!" అంది.

నిజమే, బామ్మ ఉంది. మామగారు పోయి ఏడాది తిరిగి సంవత్సరీకాలు అయ్యాక, మా అత్తగారు కిందటి సెప్టెంబరులో ఆరు నెలలు ఉండేట్టు వచ్చారు. మీలో చాలామంది ఇళ్ళల్లో పెద్దవాళ్ళు వచ్చి ఉన్నారు గనక ఆ రోజులెలా గడుస్తాయో నేను వర్ణించనక్కర్లేదు. పొద్దున్న ఎనిమిదికల్లా ఇల్లు నిశ్శబ్దం. కారు నడపడం రాదు, వీధిలో నడిచే మనిషి కనపడడు, టీవీలో వాళ్ళ మాట అర్థం కాదు. గుంటూరులో అయితే పాలవాడు, పనిమనిషి, పక్కింటి పిన్నిగారు, గోడవతల కూరల బండి – మధ్యాహ్నంలోగా పదిమందితో మాట్లాడే మనిషి. ఇక్కడ కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయే కార్లు లెక్కపెట్టి, సాయంత్రం మేం రాగానే, "ఇవాళ ఎర్రకారు రాలేదేం?" అనేవారు. ఆవిడ దగ్గర రోజంతా కూడబెట్టిన మాటలుండేవి, మా దగ్గర వినే ఓపిక ఉండేది కాదు.

అందుకే అమ్మాయి ఆ మాట అనగానే మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మాట్లాడే పిల్లి, మాట్లాడే మనిషి కోసం వెతుక్కుంటున్న పెద్దావిడ. దొరకక దొరికిన సంబంధంలా అనిపించింది.

అత్తగారికి చెబితే ఒప్పుకుంటారా? "పొద్దున్నే లేచి పిల్లి మొహం చూడమంటావా? పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టు, కోరి ఇంట్లోకి తెచ్చుకుంటామా?" అన్నారు. శకునం గొడవ అమ్మాయి సులువుగానే తీర్చేసింది: "అది ఇంట్లోనే ఉంటుంది బామ్మా, అస్తమానం ఎదురొస్తూనే ఉంటుంది, ఇంక శకునం ఏముంది?" తర్కం బాగానే ఉంది. తిండి గొడవ మాత్రం అంత సులువుగా తీరలేదు.

మాది గుడ్డు కూడా రాని వంటిల్లు. "మా పెరట్లో పిల్లి ఎన్నేళ్ళు పెరుగన్నం తిని బతకలేదూ!" అని అత్తగారి వాదన. పెరుగన్నం మనం పెట్టాం, నిజమే. గాదె కింద ఎలుకల్నీ గోడమీద బల్లుల్నీ అది సొంతంగా సంపాదించుకుంది, అది మనం లెక్కరాయలేదు. తలుపులేసిన అమెరికా ఇంట్లో ఆ సంపాదన ఉండదు, ఖర్చంతా మన పద్దులోనే పడుతుంది. పిల్లికి టారిన్ అనే పదార్థం తిండిలోనే అందాలి, అది మాంసంలో ఉంటుంది. అది చాలకపోతే చూపు పోతుంది. గుండె కండరం కూడా వదులైపోతుందని 1987లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు కనిపెట్టాక, డబ్బా తిండి చేసే కంపెనీలు టారిన్ ఎక్కువ కలపడం మొదలుపెట్టాయి. కాబట్టి మనింట్లో ఉంటుంది గనక పిల్లి కూడా శాకాహారమే తినాలంటే కుదరదు. ఆ డబ్బా ఇంట్లోకి రానిచ్చే ఉద్దేశం లేకపోతే చర్చ అక్కడితో ఆపెయ్యడం మంచిది. మేం బేస్‌మెంటు మెట్ల దగ్గర ఒక మూల, ఒక గిన్నె, ఒక చెంచా దానికి విడిగా పెట్టేట్టు రాజీపడ్డాం. అత్తగారు, "నా మడి పై అంతస్తులోనే కదా" అని ఊరుకున్నారు.

తిండి మాట వచ్చింది గనక ఇంకో రెండు సంగతులు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాల్ని పాడుచేస్తాయి, వండినవైనా అంతే. మిగిలిపోయిన పప్పూ కూరా పెట్టకూడదు. పాలు కూడా చాలా పిల్లులకి పెద్దయ్యాక అరగవు. తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలని చూసి పారిపోయిందని నవ్వుకుంటాం గాని, దాని కడుపుకి ఆయన చేసింది మేలే. ఈస్టరుకి ఇక్కడివాళ్ళు కుండీల్లో తెచ్చిచ్చే లిల్లీపూలు ఇంకా ప్రమాదం. ఆకు కొరికినా, ఒంటికంటిన పుప్పొడి నాకినా మూత్రపిండాలు దెబ్బతిని చచ్చిపోతుంది. ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళుంటే మలవిసర్జన పెట్టె శుభ్రంచేసే పని వేరేవాళ్ళు తీసుకోవాలి. ఇవి ఏ జాతి పిల్లికైనా వర్తిస్తాయి.

సయామీ బొచ్చు పొట్టిది గనక తుమ్ములు రావని కొందరు చెబుతారు. నమ్మకండి. తుమ్ములు తెప్పించేది బొచ్చు కాదు, పిల్లి లాలాజలంలోనూ చర్మంలోనూ ఉండే ఒక ప్రోటీను. అది లేని జాతి లేదు. మావారికి వసంతకాలంలో ముక్కు కారుతుంది గనక, ముందుగా పిల్లి ఉన్న స్నేహితుల ఇంట్లో ఆయన్ని రెండు ఆదివారాలు సోఫాలో కూర్చోబెట్టాం. ఏమీ కాలేదు. ఆ రెండు ఆదివారాలూ ఫుట్‌బాల్ చూసుకోవడంతో, పరీక్ష ఇంకో ఆదివారం పొడిగించవచ్చన్నారు.

నవంబరులో ఒక శనివారం, రెండు గంటల దూరంలో సయామీ పిల్లుల్ని పెంచే ఒకావిడ ఇంటికి వెళ్ళాం. అత్తగారిని ఒంటరిగా వదిలి వెళ్ళడమెందుకని ఆవిణ్ణీ తీసుకెళ్ళాం – చీరమీద కోటు, కాళ్ళకి మేజోళ్ళు, నా పాత బూట్లు.

మనం పిల్లిని చూడడానికి వెళుతున్నాం అనుకున్నాం. వెళ్ళాక తెలిసింది, అవి మాకు పెళ్ళిచూపులని. ఆవిడ కాగితం, కలం పట్టుకుని కూర్చుంది. ఇల్లు సొంతమా, అద్దెదా? ఎవరికైనా ఉబ్బసం ఉందా? ఇదివరకు పిల్లిని పెంచారా? దానికి జబ్బు చేస్తే ఎంతదాకా ఖర్చుపెట్టగలరు? మావారు నాతో తెలుగులో, "మీ నాన్నగారు కూడా నన్నిన్ని అడగలేదు" అన్నారు. నేనూ ఊరుకోలేదు. తల్లికీ తండ్రికీ కంటిచూపు క్రమంగా పోయే జబ్బుకి జన్యుపరీక్ష చేయించారా అని అడిగాను. ఈ జాతిలో ఆ జబ్బు ఉంది, పరీక్షా ఉంది. ఆవిడ వెంటనే కాగితాలు తీసి చూపించింది. ఎవరైనా కాగితాలు చూపించడానికి తటపటాయిస్తే అక్కణ్ణించి లేచి రావడం మేలని నా అభిప్రాయం. పిల్లల్ని పన్నెండు వారాలు నిండేదాకా తల్లి దగ్గర్నించి వేరుచెయ్యనని కూడా చెప్పింది. అదీ మంచి గుర్తే.

"రోజుకి ఇల్లు ఎన్ని గంటలు ఖాళీగా ఉంటుంది?" అని అడిగింది. చెప్పాను. "సెలవులకి ఎక్కడికి వెళతారు?" ఇండియాకి. "ఎన్నాళ్ళు?" ఐదు వారాలు. ఆవిడ కలం కింద పెట్టేసింది.

"మీలాంటి ఇంటికి నేను ఒక్క పిల్లని ఇవ్వను. ఇస్తే రెండు ఇస్తాను, ఒకదానికొకటి తోడుంటాయి. రెండున్నా సరే, వీటికి మనిషి కావాలి" అంది. తరవాత మా అత్తగారి వైపు చూసి, "ఈ పెద్దావిడ ఇంట్లోనే ఉంటారా?" అని మెత్తబడింది.

అప్పటికి అక్కడ వేరే సభ నడుస్తోంది. తల్లిపిల్లి వచ్చి అత్తగారి ఎదురుగా కూర్చుని, ఆవిడ మొహంలోకి చూస్తూ ఏదో ఫిర్యాదు చేస్తోంది. ఆవిడ మొదట కాళ్ళు పైకి ముడుచుకున్నారు. తరవాత, "ఏమిటే, ఎవరేమన్నారు నిన్ను?" అన్నారు. అది జవాబు చెప్పింది. "అలాగా? వాళ్ళంతే. పట్టించుకోకు." మళ్ళీ జవాబు. పావుగంటసేపు తెలుగులో ఒకరు, సయాం భాషలో ఒకరు. ఆవిడ ఈ దేశం వచ్చాక ఒక్కబిగిన అంతసేపు ఎవరైనా తన మాట విన్నది అదే అనుకుంటాను. అమ్మాయి మొహం వెలిగిపోతోంది. వారంలో ఫోను చేస్తామని చెప్పి బయల్దేరాం.

కారులో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆ పెంచే ఆవిడ తన గురించి ఏమందని అత్తగారు అడిగితే అమ్మాయి చెప్పింది. ఇంకో పది మైళ్ళు వెళ్ళాక ఆవిడ నెమ్మదిగా అన్నారు:

"అమ్మాయ్, పిల్లి మంచిదే. కాని నేను మార్చిలో వెళ్ళిపోయేదాన్ని. నా గొంతు మరిగాక నేను లేకపోతే అది ఇల్లంతా తిరిగి వెతుక్కుంటుంది. మీ మామగారు పోయాక ఇంట్లో మాట వినపడకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ నోరులేని జీవానికి ఎందుకది?"

"నోరులేని జీవమేమిటి బామ్మా, దానికున్నదే నోరు" అంది అమ్మాయి, ఏడుపు గొంతుతో.

మావారు డ్రైవింగు చేస్తూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక, మేమిద్దరం కాగితం పెట్టుకుని లెక్కవేశాం. సయామీ పిల్లి పదిహేనేళ్ళు, ఒక్కోసారి ఇంకా పైన కూడా బతుకుతుంది. అమ్మాయి ఐదేళ్ళలో కాలేజీకి వెళ్ళిపోతుంది. ఆ తరవాత పదేళ్ళు దానికి మేమే దిక్కు. మా ఇద్దరి ఉద్యోగాలూ అప్పటికీ ఉంటాయి. బామ్మ ఉన్న ఆరు నెలలు చూసుకుని పదిహేనేళ్ళ ప్రాణాన్ని తేలేం. రెండు పిల్లులంటే అప్పటికి మాకు మించిన పని. అమ్మాయితో కాదని చెప్పాం. అది గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. బొమ్మ మాత్రం గోడమీద అలాగే ఉంచుకుంది. దాని తప్పేమీ లేదు. అది అడిగిన పిల్లి మంచిదే, మేం గడిపే రోజే దానికి తగింది కాదు.

ఆ వారంనుంచి రాత్రి భోజనాలయ్యాక అరగంట టీవీ పెట్టడం మానేశాం. ఎర్రకారు సంగతులు మేమే వింటున్నాం.

డిసెంబరు మొదట్లో మా ఊరి షెల్టరుకి వెళ్ళాం, దిక్కులేని జంతువుల్ని ఉంచేచోటు. పిల్లపిల్లి వద్దని ముందే అనుకున్నాం. పిల్ల ఎలాంటిదవుతుందో జాతిని బట్టి ఊహించుకోవాలి. పెద్దదైతే దాని స్వభావం కళ్ళెదుటే ఉంటుంది. ఏ జాతీ కాని ఐదేళ్ళ బూడిదరంగు చారల పిల్లి ఒకటుంది. దాన్ని పెంచిన ముసలాయన నర్సింగు హోముకి వెళ్ళిపోయాడట. పగలంతా నిద్రపోతుందనీ, ఒంటరిగా ఉండడం అలవాటేననీ, మనిషి వస్తే పక్కన కూర్చుంటుంది గాని చప్పుడు చెయ్యదనీ అక్కడివాళ్ళు చెప్పారు. ఆ మాటలన్నీ నిజమే అయ్యాయి. అమ్మాయి కసికొద్దీ దానికి "సయాం" అని పేరు పెట్టింది.

మార్చిలో అత్తగారు వెళ్ళిపోయారు. పిల్లి రెండు రోజులు ఆవిడ గది గుమ్మం దగ్గర పడుకుంది, మూడోనాడు ఎండపడే కిటికీ దగ్గరికి మారింది. ఫోనులో ఆ సంగతి చెబితే, "అమ్మయ్య" అన్నారు. ఆ తరవాత కాసేపాగి, "రెండురోజులేనా?" అన్నారు.

మీలో ఎవరింట్లోనైనా పగలు మనిషి ఉండే వీలుంటే, మాటల చప్పుడు కిట్టేవాళ్ళయితే, సయామీ పిల్లిని తప్పకుండా చూసి రండి. దారి నేను చెబుతాను. మాకు మాత్రం వచ్చే డిసెంబరులో ఇండియా ప్రయాణం ఉంది, ఐదు వారాలు. రోజుకి ఒక్కసారి వచ్చి మా పిల్లికి గిన్నె నింపి, పెట్టె శుభ్రంచేసి, ఓ పది నిమిషాలు కూర్చుని వెళ్ళగలిగినవాళ్ళు ఈ పక్కన ఎవరైనా ఉంటే వచ్చే సమావేశంలో నాకు చెప్పండి. డబ్బాలన్నీ బేస్‌మెంటు మెట్ల దగ్గర ఉంటాయి. పెరుగన్నం మాత్రం పెట్టకండి.